ఐస్‌క్రీమ్ కరిగింది.. పడవకు మోటారొచ్చింది

తెల్లారకముందే యానాం రేవులో గౌతమి మీద చప్పుడు మొదలవుతుంది. ఒక పడవ వెనక మోటారు రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంటుంది. దాని వెనకే ఇంకోటి. అటు పూరీ పెంటకటాలో ఇసుక మీంచి అలల్లోకి తోసిన పడవలదీ ఇదే పాట, ఇటు పులికాట్ సరస్సులో వలలకెళ్లే పడవలదీ ఇదే పాట. వీటిలో చాలా పడవలు పెద్ద కంపెనీల్లో పుట్టినవి కావు. ఊళ్లో వడ్రంగి చేసినవో, ఇంటి ముందు చెట్టుకింద సొంతంగా కట్టుకున్నవో. మోటారు మాత్రం ఎక్కడినుంచో కొనుక్కొచ్చింది. ఆ రెంటికీ ముడి వేసేది పడవ వెనక ఉండే పలక, రెండు బిగింపు మరలు. అంతే.

ఇంజన్‌ను పడవ కడుపులో పాతేయకుండా బయట తగిలించుకోవచ్చని, పని అయ్యాక విప్పి భుజాన వేసుకుని ఇంటికి పోవచ్చని జనాన్ని నమ్మించి, డబ్బిచ్చి కొనుక్కునేలా చేసినవాడు ఓలే ఎవిన్‌రూడ్. పుట్టింది నార్వేలో. పెరిగింది, పేరు తెచ్చుకుంది అమెరికాలో. ఆయన పోయి తొంభై ఏళ్లు దాటింది.

పొలం పేరే ఇంటిపేరు

నార్వేలో మ్యోసా అనే పెద్ద సరస్సుకు దగ్గర్లోని పల్లెలో 1877 ఏప్రిల్ 19న ఓలే పుట్టాడు. రైతు కుటుంబం. ఆ రోజుల్లో నార్వే నుంచి అమెరికాకు జనం తండోపతండాలుగా తరలిపోతున్నారు. సాగుకు పనికొచ్చే నేల తక్కువ, పిల్లలు ఎక్కువ. అవతల అమెరికాలో భూములున్నాయన్న కబురు. ఓలే కుటుంబం కూడా 1882లో ఓడెక్కింది. కుర్రాడికి అప్పుడు అయిదేళ్లు. దారి పొడవునా వాడు ఓడ ఇంజన్ గది దగ్గరే తచ్చాడేవాడని, అక్కణ్ణించి పట్టుకురావడమే పెద్దవాళ్లకు పనయిందని తర్వాత ఇంట్లో చెప్పుకునేవారు. గొప్పవాళ్లయిన ప్రతివాళ్ల చిన్నతనంలోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుందనుకోండి.

వాళ్లు దిగింది విస్కాన్సిన్ రాష్ట్రంలో. కేంబ్రిడ్జ్ అనే చిన్న ఊరు, దాని పక్కనే రిప్లీ సరస్సు. ఆ చుట్టుపక్కల అంతకు నలభై ఏళ్ల ముందు నుంచే నార్వే వాళ్లు వచ్చి పాదుకున్నారు. ఇంట్లో సొంత భాష, ప్రార్థనల్లో సొంత భాష, సంతకెళ్తే ఇంగ్లీషు. రాష్ట్రం గీత దాటి తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎవిన్‌రూడ్ అన్న ఇంటిపేరుకూ ఓ సంగతుంది. నార్వే రైతులకు అప్పట్లో స్థిరమైన ఇంటిపేర్లు ఉండేవి కావు. తండ్రి పేరు చెప్పి ఫలానా ఆయన కొడుకు అనేవారు, దానికి తాము ఉంటున్న పొలం పేరు తగిలించేవారు. పొలం మారితే పేరూ మారేది. అమెరికా కాగితాల్లో అలా కుదరదు కదా. ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి. చాలామంది పాత ఊళ్లో తమవాళ్లు ఉన్న పొలం పేరునే ఖాయం చేసుకున్నారు. ఎవిన్‌రూడ్ కూడా అలా వచ్చిందే. మనకు ఊరి పేర్లు ఇంటిపేర్లయినట్టే. ఆ పొలం పేరు తర్వాత లక్షల మోటార్ల మీద పోతపోసిన అక్షరాలవుతుందని అప్పుడెవరనుకుంటారు?

పొయ్యిలోకి పోయిన పడవ

ఓలే ఇంటికి పెద్ద కొడుకు. వెనక తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది. బడి చదువు కొద్దికాలమే సాగింది. పొలం పని తప్పలేదు. తండ్రికి వాడు రైతు కావాలని. వాడికేమో చెడిపోయిన యంత్రం కనిపిస్తే చాలు, విప్పి మళ్లీ బిగించేదాకా నిద్ర పట్టదు. ఇంటి ముందే సరస్సు. ఓడల మీద తిరిగొచ్చిన చుట్టాలు చెప్పే సముద్రం కబుర్లు ఎటూ ఉండనే ఉన్నాయి.

పదిహేనేళ్లప్పుడు సొంతంగా ఓ తెరచాప పడవ కట్టడం మొదలెట్టాడు. తండ్రి చూశాడు. పని ఎగ్గొట్టి చేసే ఈ పిచ్చి పనేమిటని ఆ చెక్కలన్నీ నరికి పొయ్యిలో పెట్టించాడని చెబుతారు. కుర్రాడు ఎదురు మాట్లాడలేదు. మళ్లీ మొదలెట్టాడు. ఈసారి ముక్కలన్నీ ఒకచోట ఉంచకుండా దాచాడు. తండ్రి ఊళ్లో లేని రోజుల్లో ఒకచోటికి చేర్చి బిగించాడు. పెద్దాయన తిరిగొచ్చేసరికి పడవ రిప్లీ సరస్సు మీద తెరచాప ఎత్తుకుని తిరుగుతోంది. ఎండాకాలం సరస్సుకు వచ్చే పట్నం వాళ్లను ఎక్కించుకుని కుర్రాడు డబ్బులు కూడా వసూలు చేస్తున్నాడు. ఆ డబ్బు చూశాకో ఏమో, తండ్రి ఇక గొడ్డలి ఎత్తలేదు.

అచ్చుల పనివాడు

పదహారేళ్లకు ఓలే ఇల్లు వదిలాడు. ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దూరం నడిచి రాష్ట్ర రాజధాని మాడిసన్ చేరాడు. అక్కడ వ్యవసాయ యంత్రాలు తయారుచేసే ఫుల్లర్ అండ్ జాన్సన్ కార్ఖానాలో పని నేర్చుకోవడానికి చేరాడు. పగలు పని. రాత్రి లెక్కలు, ఇంజనీరింగు పుస్తకాలు. తర్వాత పిట్స్‌బర్గ్ ఉక్కు కర్మాగారాల్లో, షికాగో పనిముట్ల షాపుల్లో చేశాడు. 1900 నాటికి మిల్వాకీ నగరానికి చేరి, ఇ.పి.అల్లిస్ అనే పెద్ద యంత్రాల కంపెనీలో అచ్చులు చేసే పనిలో కుదురుకున్నాడు.

ఈ అచ్చుల పని గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇనుమును పోతపోయాలంటే ముందు ఆ వస్తువును చెక్కతో అచ్చంగా చెక్కాలి. దాన్ని ఇసుకలో నొక్కి తీస్తే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక లోహం కుంచించుకుపోతుంది కాబట్టి చెక్క అచ్చును ఆ మేరకు కాస్త పెద్దదిగా చెక్కాలి. అంటే ఈ పని చేసేవాడు సగం వడ్రంగి, సగం కమ్మరి. చెక్క గుణం, ఇనుము గుణం రెండూ తెలిసుండాలి. పడవ చెక్కకు ఇనుప ఇంజన్ బిగించే పని చివరికి ఇలాంటివాడి చేతిలోనే పడడం కాకతాళీయమేమీ కాదు.

సొంతంగా వ్యాపారం చేయాలన్న ఆరాటం ఆయన్ను నిలవనివ్వలేదు. ఇంకొకరితో కలిసి చిన్న ఇంజన్ల షాపు పెట్టాడు. పొత్తు నిలవలేదు. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే. యంత్రం ముందు కూర్చుంటే లోకం మరిచిపోయే మనిషి. లెక్కల పుస్తకాల జోలికి మాత్రం వెళ్లేవాడు కాదు. అప్పుడు కలిసింది బెస్ కేరీ. దగ్గర్లోనే ఉండే అమ్మాయి. వ్యాపార విద్య చదువుకుంటోంది. ఆయన షాపు ఉత్తరాలు, జమాఖర్చులు చూసి పెట్టడం మొదలెట్టింది. 1906లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. మరుసటేడు కొడుకు రాల్ఫ్ పుట్టాడు.

నాలుగు కిలోమీటర్ల తెడ్డు

ఐస్‌క్రీమ్ సంగతి ఆ రోజుల్లోదే. ఏ ఏడాదన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు గానీ 1906 ప్రాంతమని ఎక్కువమంది మాట. మిల్వాకీకి పడమటగా ఒకాచీ అనే సరస్సు ఉంది. మధ్యలో దీవులు. ఎండాకాలం ఓ ఆదివారం స్నేహితులంతా పడవల్లో ఓ దీవికి వనభోజనానికి వెళ్లారు. ఎండ మండుతోంది. బెస్‌కు ఐస్‌క్రీమ్ తినాలనిపించింది. ఓలే మారు మాట లేకుండా పడవెక్కి తెడ్లు అందుకున్నాడు. ఒడ్డు అక్కణ్ణించి రెండున్నర మైళ్లు, అంటే నాలుగు కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు నాలుగు. మనిషి మంచి దిట్టం. అయినా గాలి ఎదురు. తిరిగొచ్చేసరికి ఐస్‌క్రీమ్ కాస్తా పాలయింది.

ఆ చెమటలోనే ఆయనకు ఆలోచన తట్టిందంటారు. ఇంజన్లు చేసేవాడినై ఉండి తెడ్డు వేయడమేమిటని. ఈ కథను తర్వాత కంపెనీ బాగానే వాడుకుంది. ఎంత పాలు నిజం, ఎంత పాలు మసాలా అన్నది పక్కన పెడితే, ఆలోచన మాత్రం ఆ ఒక్క మధ్యాహ్నంలో పుట్టినది కాదు. అప్పటికే మోటారు పడవలున్నాయి. కానీ ఇంజన్ పడవ మధ్యలో పాతేసి ఉంటుంది, అడుగున రంధ్రం చేసి ఇరుసు బయటికి తీయాలి. డబ్బున్నవాళ్ల వ్యవహారం. మామూలు మనిషి దగ్గరుండేది తనే కట్టుకున్నదో, పాతది కొన్నదో చిన్న తెడ్ల పడవ. దానికి రంధ్రం కొట్టకుండా మోటారు ఎలా పెట్టాలన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన మొదటివాడు ఓలే కాదు. అది కూడా చెప్పుకోవాలి. కామెరాన్ వాటర్‌మన్ అనే లా చదువుకున్న కుర్రాడు 1905లోనే డెట్రాయిట్ నది మీద అలాంటి మోటారును నడిపి చూశాడు. ఆ తర్వాత అమ్మాడు కూడా. అవుట్‌బోర్డ్ మోటార్ అన్న పేరును వాడుకలోకి తెచ్చింది ఆయనేనంటారు. అంతకుముందు 1890ల్లోనూ ఒకరిద్దరు ప్రయత్నించారు. వాళ్లవేవీ జనంలో నాటుకుపోలేదు. ఓలే చేసింది నాటుకుపోయింది.

కాఫీ గింజల మర

ఓలే తొలి నమూనా తయారుచేసి ఇంటికి తెచ్చినప్పుడు బెస్‌కు అది కాఫీ గింజలు విసిరే మరలా కనిపించింది. ఆ మాటే అనేసింది. ఆమె అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు. పైన అడ్డంగా పడుకున్న ఒక్క సిలిండర్ ఇంజన్. దానిమీద గుండ్రటి బరువైన చక్రం. చక్రానికి ఓ పిడి. పిడి పట్టుకుని విసురుగా తిప్పితే స్టార్టవుతుంది. ఒక్కోసారి చక్రం వెనక్కి తన్నేది. వేళ్లు జాగ్రత్త. ఇంజన్ నుంచి నిట్టనిలువుగా ఓ కడ్డీ నీళ్లలోకి దిగుతుంది. అడుగున రెండు పళ్లచక్రాలు ఆ నిలువు తిప్పుడును అడ్డం తిప్పుడుగా మారుస్తాయి. దాని చివర పంకా. ఇంజన్‌ను చల్లబరచడానికి సరస్సు నీళ్లనే పైకి తోడే చిన్న పంపు. శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్. బరువు 62 పౌండ్లు, అంటే 28 కిలోలు. ఒక్క మనిషి ఎత్తగలిగినంత.

1909లో మిల్వాకీలోని కినికినిక్ నదిలో అద్దె పడవకు బిగించి నడిపి చూశారు. నడిచింది. లోపాలు సవరించి ఇంకోటి చేశాడు. ఓ స్నేహితుడు చేపలకెళ్తూ దాన్ని ఎరువు పట్టుకెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు పది మోటార్లకు ఆర్డర్లు, చేతిలో డబ్బుతో సహా వచ్చాడు. ఓలే మొదటి విడతగా పాతిక మోటార్లు చేతిపనితో చేశాడు. ధర 62 డాలర్లు. పౌండుకు డాలరు లెక్కన కుదిరింది. 1911లో పేటెంటు కూడా వచ్చింది.

పలకే ప్రాణం

ఆ మోటారు ఎందుకు నాటుకుపోయిందో తెలియాలంటే బిగింపు సంగతి చూడాలి. ఓలే స్వయంగా పడవ కట్టినవాడు. చిన్న పడవ వెనక పలక ఎంత బలహీనమో ఆయనకు తెలుసు. అసలు ఆ పలక ఇంజన్ మోయడానికి పెట్టింది కాదు. నీళ్లు లోపలికి రాకుండా మూసే తలుపు మాత్రమే. ఇప్పటికీ సొంతంగా పడవ కట్టుకుని మోటారు పెట్టాలనుకునేవాళ్లు చేసే మొదటి పొరపాటు ఇక్కడే.

మోటారు బరువుకే పలక విరుగుతుందనుకుంటారు చాలామంది. బరువు కాదు, నెట్టుడు. పంకా నీళ్లను వెనక్కి తోస్తుంది. ఆ బలంతో మోటారు కాలు ముందుకు పోవాలని చూస్తుంది. కాలి అడుగు ముందుకు తోసుకొస్తుంటే బిగింపు పైభాగం పలక అంచును వెనక్కి లాగుతుంది. గడపారతో రాయిని పెకలించినట్టే. అందుకే పలక ఒక్కటీ మందంగా ఉంటే చాలదు. దాన్ని పడవ అడుగుకు, రెండు పక్కలకు కట్టిపడేసే మూలబద్దలు ఉండాలి. మధ్యలో అడుగు దూలం నుంచి పలక మీదికి ఓ మోకాటిబద్ద, పై మూలల్లో రెండు. అప్పుడు నెట్టుడంతా పడవ మొత్తానికి పంచుకుపోతుంది. చిన్న మోటారుకైనా పలక ఒకటిన్నర అంగుళాల మందం ఉండేలా చూసుకోవాలి. పలుచని ప్లైవుడ్ అయితే రెండు మూడు పొరలు జిగురుతో అతికిస్తారు. అంచుల్లోంచి నీరు దూరితే లోపల మెత్తబడి కుళ్లిపోతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒకరోజు నది మధ్యలో మరలు చెక్కతో సహా ఊడొస్తాయి.

రెండోది ఎత్తు. మోటారు కాళ్లు మామూలుగా రెండు కొలతల్లో వస్తాయి. 15 అంగుళాల ఎత్తు పలకకు పొట్టిది, 20 అంగుళాలకు పొడుగుది. పంకాకు సరిగ్గా పైన ఓ చదునైన రెక్క ఉంటుంది. అది పడవ అడుగుతో సమంగానో, ఓ అంగుళం కిందికో ఉండాలి. మరీ పైకుంటే పంకా గాలిని మింగుతుంది. ఇంజన్ కీచుమంటుంది గానీ పడవ కదలదు. మరీ కిందికుంటే నీళ్లను దున్నుకుంటూ పోతుంది, పెట్రోలు దండగ. సొంతంగా కట్టిన పడవల్లో పలక ఎత్తు కంపెనీ కొలతకు కుదరదు. ఎత్తెక్కువైతే మధ్యలో పలకను కోయాలి. తక్కువైతే మీద దిమ్మ వేయాలి. తెప్పలకైతే అసలు పలకే ఉండదు. మోటారుకంటూ ఓ చట్రం విడిగా కట్టుకోవాల్సిందే.

ఇక హార్స్‌పవర్ పిచ్చి. గుండ్రటి పొట్టతో నీళ్లను చీల్చుకుంటూ పోయే పడవకు దాని పొడుగును బట్టి ఓ వేగం హద్దు ఉంటుంది. నీటిగీత దగ్గర 16 అడుగులున్న పడవకు అది గంటకు పది కిలోమీటర్ల లోపే. దానికి పాతిక హార్స్‌పవర్ తగిలించినా పెద్దగా ఒరిగేది లేదు. ముక్కు ఆకాశానికి లేస్తుంది, వెనక భాగం నీళ్లలో కూరుకుపోతుంది. ఓలే ఒకటిన్నర హార్స్‌పవర్‌తో సరిపెట్టింది చేతకాక కాదు. తెడ్ల పడవకు అంతకన్నా పెద్ద అవసరం లేదు.

మూడో జాగ్రత్త ఇప్పటి పడవల వాళ్లంతా చేసేదే. బిగింపు మరలు అదురుకు వదులవుతాయి. కాసేపు నడిపాక మళ్లీ బిగించాలి. మోటారుకు ఓ తాడో, గొలుసో కట్టి రెండో కొసను పడవకు ముడేయాలి. మరలు వదిలేసిన మోటారు నీళ్లలో మునిగేటప్పుడు ఎవరికీ చెప్పదు.

బెస్ రాసిన నాలుగు ముక్కలు

ఓలే చేసిన మోటారును అమ్మింది బెస్. ఇంట్లో పసిపిల్లాడు, వంట, ఆపైన రాత్రిళ్లు కంపెనీ ఉత్తరాలు. తెడ్లు వేయడం మానండి, వాటిని అవతల పారేసి మోటారు పెట్టుకోండి అనే అర్థం వచ్చేలా ఆమె రాసిన ప్రకటన పత్రికల్లో పడింది. ఉత్తరాలు వెల్లువలా వచ్చిపడ్డాయి. చేతిలో పెట్టుబడి లేదు. క్రిస్ మేయర్ అనే టగ్ బోట్ల యజమాని అయిదు వేల డాలర్లు పెట్టి భాగస్వామి అయ్యాడు.

అంతటితో ఆగలేదు ఆమె. విదేశాలకు ఎగుమతి చేసే న్యూయార్క్ వ్యాపారులకు ఉత్తరాలు రాసింది. వాళ్లలో ఒకాయన స్కాండినేవియా వాడు. తన దేశాల జాలర్ల సంగతి తెలిసినవాడు. ఆయన ద్వారా మోటార్లు నార్వే, దాని ఇరుగుపొరుగు దేశాల తీరాలకు వేల సంఖ్యలో వెళ్లాయి. అయిదేళ్ల పిల్లాడిగా ఓడెక్కి వచ్చేసినవాడి పేరు ఇలా వెనక్కి వెళ్లింది. అక్కడి జాలర్లకు ఇది ఆదివారం సరదా కాదు. గాలి పడిపోయిన రోజున కూడా వల వేయొచ్చు, తుపాను కమ్మేలోపు ఒడ్డు చేరొచ్చు.

1913 నాటికి మిల్వాకీ కార్ఖానాలో మూడొందల మంది పనిచేస్తున్నారు.

పేరు అమ్ముకున్నాడు

అప్పుడే బెస్ ఆరోగ్యం దెబ్బతింది. రాత్రింబవళ్లు చాకిరీ ఊరికే పోదు కదా. ఓలే ముందు రెండే దారులున్నాయి. వ్యాపారం బాగా పుంజుకున్న సమయం. ఇప్పుడు వదిలితే మళ్లీ దొరకదు. వదలకపోతే మనిషి దక్కుతుందో లేదో. ఆయన 1914లో తన సగం వాటాను మేయర్‌కు 1,37,500 డాలర్లకు అమ్మేశాడు. దాంతోపాటు ఓ షరతుకు ఒప్పుకున్నాడు. అయిదేళ్ల పాటు ఈ వ్యాపారంలోకి తిరిగి రాకూడదు. ఎవిన్‌రూడ్ అన్న పేరు కూడా కంపెనీతోనే ఉండిపోయింది. పాత పొలం పేరు, తాత ముత్తాతల ఆనవాలు, ఇప్పుడు పరాయివాళ్ల సొత్తు.

అయిదేళ్లు భార్యను, కొడుకును తీసుకుని కారులో ఊళ్లు తిరిగాడు. బెస్ కోలుకుంది. కానీ అచ్చులు చెక్కిన చెయ్యి ఊరుకుంటుందా? ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే కొత్త మోటారును మనసులో గీసుకున్నాడు. పాతదాంట్లో ఒక సిలిండర్. ఇందులో రెండు. ఇనుము, కంచు స్థానంలో చాలాచోట్ల అల్యూమినియం. శక్తి రెట్టింపై మూడు హార్స్‌పవర్ అయింది, బరువేమో తగ్గి 48 పౌండ్లకు దిగింది. అంటే 22 కిలోలు. ఎత్తేవాడి నడుముకు ఆ ఆరు కిలోల తేడా ఏమిటో ఎత్తి చూస్తే తెలుస్తుంది.

గడువు తీరాక ముందుగా మేయర్ దగ్గరికే వెళ్లి చూపించాడు. మేయర్ వద్దన్నాడు. ఉన్న సరుకు బాగానే అమ్ముడవుతుంటే కొత్తదెందుకని ఆయన లెక్క. వ్యాపారంలో ఇంతకన్నా ఖరీదైన కాదు అనే మాట చాలా తక్కువమంది అని ఉంటారు.

తన పేరుతోనే పోటీ

ఇక మిగిలింది సొంతంగా దిగడమే. పేరు మాత్రం వాడుకోవడానికి లేదు. ఎవిన్‌రూడ్ లైట్ ట్విన్ అవుట్‌బోర్డ్ అన్న నాలుగు మాటల మొదటి అక్షరాలు తీసి ఎల్టో అని పెట్టారు. ఆ పేరు కూర్చింది బెస్ అంటారు. 1920ల మొదట్లో ఎల్టో బజారులోకి వచ్చింది. చక్రాన్ని కాస్త తిప్పితే చాలు, అందుకునేది. పాత మోటారులా వేళ్లు విరగ్గొట్టేది కాదు. కొన్నేళ్లలోనే ఎల్టో అమ్మకాలు పాత కంపెనీని దాటిపోయాయి. ఎవిన్‌రూడ్ కనిపెట్టిన ఎవిన్‌రూడ్‌ను ఎవిన్‌రూడే ఓడిస్తున్నాడన్న మాట.

ఈలోపు ఇండియానా నుంచి జాన్సన్ సోదరులు అంతకన్నా తేలికైన మోటారుతో దిగారు. వాళ్లది 35 పౌండ్లే. పోటీ ముదిరింది. వేగం పందేలు వచ్చాయి. 1928లో ఎల్టో నాలుగు సిలిండర్ల మోటారు తెచ్చింది. తెడ్డు బదులు పుట్టిన వస్తువు ఇప్పుడు పందెపు గుర్రమైంది. పాత ఎవిన్‌రూడ్ కంపెనీ చేతులు మారి ఆఖరికి స్టీఫెన్ బ్రిగ్స్ దగ్గరికి చేరింది. 1929లో ఎల్టో, ఎవిన్‌రూడ్, లాక్‌వుడ్ అనే మూడు కంపెనీలను కలిపి అవుట్‌బోర్డ్ మోటార్స్ కార్పొరేషన్ పెట్టారు. అధ్యక్షుడు ఓలే. పదిహేనేళ్ల తర్వాత తన పేరు మళ్లీ తన ఇంటికొచ్చింది.

వచ్చిన ముహూర్తమే బాగాలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. ఉద్యోగాలు పోయినవాడు పడవకు మోటారు కొంటాడా? అమ్మకాలు పడిపోయాయి. బ్యాంకు అప్పులు మీదపడ్డాయి. ఓలే తన జీతం వదులుకుని కంపెనీని నిలబెట్టాడని చెబుతారు. ఖరీదైన మోటార్లను పక్కనపెట్టి చిన్నవి, చవకవి మళ్లీ చేయించాడు. కొడుకు రాల్ఫ్ అప్పటికే కాలేజీ వదిలి తండ్రి పక్కన చేరాడు.

1933 మే నెలలో బెస్ చనిపోయింది. యాభై ఏళ్లు కూడా నిండలేదు. ఓలే ఆ తర్వాత కార్ఖానాకు వస్తూనే ఉన్నాడు. పద్నాలుగు నెలలు గడిచాయి. 1934 జూలై 12న ఆయన కూడా కన్నుమూశాడు. వయసు 57.

ఆ తర్వాత

రాల్ఫ్ కంపెనీ పగ్గాలు పట్టాడు. 1936లో పాత ప్రత్యర్థి జాన్సన్ కూడా వాళ్లలోనే కలిసిపోయింది. దశాబ్దాల పాటు ప్రపంచంలో పెద్ద మోటార్ల కంపెనీ అదే. తర్వాత జపాన్ కంపెనీలు వచ్చాయి. యమహా, సుజుకీ పేర్లు మన తీరం జాలర్లకు ఎవిన్‌రూడ్ కంటే బాగా తెలుసు.

నార్వేకూ మన దేశపు చేపల పడవలకూ ఇంకో సంబంధం ఉంది. 1952లో ఐక్యరాజ్య సమితి, నార్వే, భారత్ కలిసి చేసుకున్న ఒప్పందంతో కేరళలో కొల్లం దగ్గరి నీండకరలో చిన్న పడవలకు ఇంజన్లు పెట్టే పని మొదలైంది. అవి పడవ లోపల పెట్టే ఇంజన్లు. బంగాళాఖాతం ఒడ్డున ఇబ్బంది వేరు. రేవు లేని ఇసుక తీరం, విరిగే అలలు. పంకా ఇసుకకు తగిలితే వంగిపోతుంది. ఒడ్డు దగ్గరపడగానే దాన్ని పైకి లేపుకోవాలి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం చేపల పథకం ఇంజనీర్లు ఈ తీరాల కోసం పంకాతో సహా పైకి లేచే ఇంజన్ అమరికను తయారుచేసి పరీక్షించారు. ఆంధ్ర, ఒడిశా, తమిళ తీరాల్లో పొడుగాటి కడ్డీ చివర పంకా ఉన్న మోటారును ఒంటిచేత్తో లేపి అల దాటే జాలరి చేస్తున్నది కూడా అదే పని.

ఓలే పెట్టిన కంపెనీ వారసులు 2000 డిసెంబర్‌లో దివాలా తీశారు. కెనడాకు చెందిన బంబార్డియర్ దాన్ని కొంది. 2020 మే నెలలో, ఆ వ్యాపారం చూస్తున్న బీఆర్‌పీ సంస్థ ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికే అమ్మినవాటికి విడిభాగాలు ఇస్తామని మాత్రం చెప్పింది.